సొంత బ్రౌజరు పనిలో ‘స్త్రీ’ అక్షరం: నా అనుభవం

బెంగళూరు మారతహళ్లిలోని మా కంపెనీ భారతీయ భాషల కోసం సొంత బ్రౌజరును తయారు చేసే పనిని మా నలుగురికి అప్పగించింది. మూడు నెలల్లో ఇస్తామని ఖాతాదారుకు మాట ఇచ్చేముందు మేనేజరు మమ్మల్ని ఒక్క ముక్కైనా అడగలేదు. సర్వరు నుంచి పేజీ తెచ్చుకోవడం నాలుగు రోజుల్లో ముగిసింది. ట్యాగులు, అంటే పేజీలో ఏ భాగం ఏమిటో చెప్పే గుర్తులు, తప్పుగా మూసిన పేజీలతో మూడు వారాలు గడిచాయి. ఏ తప్పును ఎలా సరిదిద్దుకోవాలో కూడా వెబ్ పేజీలను రాసే భాషైన హెచ్‌టీఎంఎల్ ప్రమాణమే నిర్దేశిస్తుంది, దానిని పాటించకపోతే పాత పేజీలు చెదిరిపోతాయి.

అసలు దెబ్బ ప్రదర్శన రోజున తగిలింది. ఖాతాదారు తరఫున వచ్చినవారిలో ఒంగోలు వైపు పెద్దాయన ఒకరు ఉన్నారు. ఆయన కోరగా స్త్రీ శిశు సంక్షేమం గురించిన తెలుగు పేజీ ఒకటి తెరిచాను. ‘స్త్రీ’ అనే అక్షరం సకారపొల్లు, తకారపొల్లు, ‘రీ’ అని మూడు ముక్కలై గోడంత తెరమీద కనిపించింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, "ఏం నాయనా, నువ్వు తెలుగు చదువుకోలేదా?" అని అడిగారు. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలోనే చదివిన నాకు నోట మాట రాలేదు. ఆ భాగం నాదేనని అందరి ముందూ చెప్పి తప్పుకున్న మేనేజరును నేను ఇంకా క్షమించలేదు.

కంప్యూటరులో అక్షరాలకు సంకేతాలు కేటాయించే యూనికోడ్‌లో ‘స్త్రీ’ అంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాలు. తెరమీద గుడిదీర్ఘం రకారాన్ని వదిలి సకారం తలపైకి ఎక్కాలి, తకార రకారాలు ఒత్తులై కిందికి దిగాలి. మేము సంకేతానికి ఒక బొమ్మ చొప్పున గీశాము. ఇంగ్లీషుకు దాదాపు అది సరిపోతుంది. ఈ కూర్పు చేసిపెట్టే హార్ఫ్‌బజ్ లైబ్రరీని కలిపాక మరో చిక్కు వచ్చింది. అక్షరాలను కూర్చనిదే మాట వెడల్పు తెలియదు, వెడల్పు తెలియనిదే పంక్తి ఎక్కడ విరగాలో తేలదు, పంక్తి మారితే దాని కిందివన్నీ మళ్లీ జరపాలి. ఒక్క ఈ పనికే ఐదు వారాలు పట్టింది. జావాస్క్రిప్టు, వీడియో, భద్రత ఇంకా మొదలే కాలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను పోలిన ఒక తెలుగు కూర్పు ఐఫోన్లలో యాప్‌లను కూల్చివేయగా, యాపిల్ అంతటి సంస్థ దానికోసం ఐఓఎస్ 11.2.6ను విడుదల చేయవలసి వచ్చింది.

బ్రౌజరు సంస్థ ఒపేరా 2013లో పేజీలను తెరమీద గీసే తన సొంత ప్రెస్టో ఇంజనును వదులుకుంది. మైక్రోసాఫ్ట్ కూడా 2020లో తన ఎడ్జ్ బ్రౌజరును, గూగుల్ అందరికీ ఉచితంగా ఇచ్చే బ్రౌజరు కోడైన క్రోమియం మీదికి మార్చింది. ఈ సంగతి ముందే చెప్పిన నన్ను పిరికివాడన్నారు. గడువు నిర్ణయించే సమావేశానికి మిమ్మల్ని పిలవకపోతే అలాంటి పనిని ఒప్పుకోకండి.

చివరికి మేమూ క్రోమియంకే మారాము. దానిని బిల్డ్ చేయడానికే, అంటే ఆ కోడును నడిచే ప్రోగ్రాముగా మార్చడానికే, డిస్కులో 100 గిగాబైట్ల ఖాళీ కావాలి. భద్రతా సవరణలు ఉంటాయి కాబట్టి ఏ కొత్త వెర్షన్‌నూ వదలడానికి వీలులేదు, అందులో మా మార్పులను కలపడానికే ఇద్దరి జీతం పోతోంది. మొన్న శుక్రవారం ఆ పెద్దాయన మళ్లీ వచ్చి, అదే పేజీని తానే తెరిచి, రెండు పేరాలు పైకి చదివారు.