పేగు అతుకు పొట్ట లోపలా, బయటా?

కుడివైపు పెద్దపేగు క్యాన్సర్‌కు లాపరోస్కోపీ (పొట్టలో గ్యాస్ నింపి, చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) చేసినప్పుడు చిన్నపేగు చివర 10 సెంటీమీటర్ల దాకా, సీకమ్ (పెద్దపేగు మొదటి భాగం), అపెండిక్స్, పైకి వెళ్లే పెద్దపేగు, అడ్డపేగులో కొంత తీసేస్తారు. మిగిలిన చిన్నపేగును అడ్డపేగుకు అతకాలి. ఈ అతుకును డాక్టర్లు అనాస్టమోసిస్ అంటారు. పేగు కొసలను కోతలోంచి బయటకు తెచ్చి అతకవచ్చు, లేదా పొట్ట లోపలే అతకవచ్చు.

చాలామంది ఏ పద్ధతిలో అతుకు తక్కువగా లీక్ అవుతుందని అడుగుతారు. అనుభవం ఉన్న చేతుల్లో ఆ విషయంలో పెద్ద తేడా లేదు. తేడా అంతా పేగును ఎంత లాగాల్సి వస్తుంది, కోత ఎక్కడ పడుతుంది అన్నదాంట్లోనే ఉంది.

బయట అతికేటప్పుడు బొడ్డు దగ్గర 5, 6 సెంటీమీటర్ల కోత పెట్టి, గాయానికి ప్లాస్టిక్ తొడుగు వేసి, రెండు పేగుల కొసలనూ పైకి తెస్తారు. చిన్నపేగు తేలిగ్గానే వస్తుంది. అడ్డపేగు మాత్రం మధ్యలోని రక్తనాళాలకు కట్టుబడి ఉంటుంది కాబట్టి అంత సులువుగా రాదు. పొట్ట గోడ మందంగా ఉన్నవాళ్లలో మరీ కష్టం. బలంగా లాగితే అక్కడి సిర చిరుగుతుంది, ఆ రక్తస్రావం చిన్న కోతలోంచి కనిపించదు. ఇంకో ప్రమాదం మెలిక. చిన్నపేగు తిరగబడి పైకి వచ్చినా బయట చక్కగానే కనిపిస్తుంది, లోపలికి వెళ్లాక దారి మూసుకుపోతుంది. అందుకే అతికాక మళ్లీ పొట్టలో గ్యాస్ నింపి, మీసెంటరీ (పేగుకు రక్తనాళాలు తెచ్చే పొర) కోసిన అంచును మొదటి నుంచి చివరి దాకా కెమెరాతో చూడాలి. ఇది దాటవేయకూడని మెట్టు.

లోపల అతికేటప్పుడు రెండు పేగులనూ పక్కపక్కన పెట్టి, ఒక కుట్టుతో నిలబెట్టి, చెరొక చిన్న రంధ్రం చేస్తారు. పిన్నులతో అతికి మధ్యలో కోసే 60 మిల్లీమీటర్ల స్టేప్లర్ దవడలు చెరో పేగులోకి వెళ్తాయి. దవడలు మూశాక 15 సెకన్లు ఆగి పిన్నులు దింపడం మంచిది, కణజాలంలోని నీరు పక్కకు జరిగి పిన్నులు సరిగ్గా ముడుచుకుంటాయి. పిన్నుల వరసలో రక్తం కారుతోందేమో చూశాకే మిగిలిన రంధ్రాన్ని ముళ్లదారంతో (సన్నని ముళ్లతో కణజాలాన్ని పట్టి ఉంచే దారం) రెండు పొరలుగా కుడతారు. అసలు కష్టం ఇక్కడే. మూలలో ఒక్క కుట్టు తప్పినా లీక్ అక్కడి నుంచే మొదలవుతుంది. దారం కొసను పేగుకు ఆనించి కత్తిరించాలి. ముళ్లున్న తోక మిగిలితే పక్క పేగు దానికి తగులుకుని అడ్డంకి వస్తుంది.

రంధ్రాలు తెరిచినప్పుడు మలం చిందే అవకాశం ఉంది కాబట్టి ముందురోజు పేగు శుభ్రం చేసి, నోటి ద్వారా యాంటీబయాటిక్స్ ఇస్తారు. సమయం ఎక్కువ పడుతుంది. స్టేప్లర్ గుళికలు కనీసం మూడు కావాలి, ఖర్చు పెరుగుతుంది. బయటైతే 3-0 అనే సన్నని దారంతో చేతికుట్టు వేసి కూడా అతకవచ్చు.

ఈ శ్రమకు బదులు లోపలి పద్ధతిలో దక్కేది కోత చోటు. తీసిన ముక్కను సిజేరియన్ కోత ఉండే చోటు నుంచి, పొత్తికడుపు అడుగున బయటకు తీయవచ్చు. అక్కడ హెర్నియా (కోత చోట పేగు బయటకు ఉబ్బడం) బొడ్డు దగ్గర కోతకంటే చాలా తక్కువ, నొప్పీ తక్కువ. పేగును లాగకపోవడం వల్ల గ్యాస్ పోవడం, తినగలగడం కొంచెం ముందే మొదలవుతాయి. లావుగా ఉన్న రోగికి లోపలి పద్ధతే మేలని నా గట్టి అభిప్రాయం, కాకపోతే లోపల కుట్టడంలో సర్జన్ చేయి తిరిగి ఉండాలి.

ఏ పద్ధతైనా, లీక్‌ను పట్టుకోవడానికి మూడో రోజు నుంచి గమనించాల్సింది నాడి. జ్వరం లేకపోయినా నాడి వేగంగా కొట్టుకుంటూ సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) 150 దాటి ఉంటే సీటీ స్కాన్‌కు ఆలస్యం చేయకూడదు.