మా గుట్ట తెలిసినవాళ్లను కమిటీలో వేయండి

2019 చివర్లో ఒక సాయంత్రం, బడి వదిలాక, పంచాయతీ కార్యదర్శి గేటు దగ్గరే ఆపి ఒక కాగితం చేతికిచ్చాడు. "మేడం, జీవవైవిధ్య కమిటీ అంట. రేపటికల్లా మండలానికి పంపాలె. మీరు సైన్స్ టీచర్ కదా, మీ పేరు రాసిన. ఇక్కడ సంతకం పెడితే చాలు." స్కూటీ సీటు మీద కాగితం పరిచి సంతకం పెట్టాను. పైన ఎవరెవరి పేర్లున్నాయో కూడా చదవలేదు. ఆ సంతకం గురించి నాలో చాలా ఏళ్లుగా ఒక బాధ ఉంది. ఈ నెల మా ఊళ్లో కమిటీని మళ్లీ వేస్తున్నారు కాబట్టి ఇప్పుడైనా రాయాలనిపించింది.

మాది సంగారెడ్డి జిల్లాలో చిన్న ఊరు. ఒక గుట్ట, ఒక చెరువు, గుట్టకూ చెరువుకూ మధ్య మేతబీడు. ఈ మూడూ ఊరందరివీ. పట్టా ఎవరి పేరునా లేదు. అందుకే వీటిని చూసుకునే మనుషులు కావాలి. 2002లో వచ్చిన జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ సరిగ్గా ఆ మాటే చెబుతుంది. ప్రతి స్థానిక సంస్థా ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ వేసుకోవాలి, ఊళ్లోని చెట్టూ చేమా, పంట విత్తనం, పశువుల జాతి, వాటి గురించి జనానికి తెలిసిన జ్ఞానం అన్నీ ఒక రిజిస్టర్‌లో రాసుకోవాలి, కాపాడుకోవాలి. 2012లో మన హైదరాబాద్‌లోనే ప్రపంచ దేశాల జీవవైవిధ్య సదస్సు జరిగింది. అయినా ఆ తర్వాత కూడా చాలా ఊళ్లలో కమిటీ అనే మాటే వినపడలేదు. చివరికి 2019 ఆగస్టు 9న జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టింది. 2020 జనవరి 31లోగా అన్నిచోట్లా కమిటీలు, రిజిస్టర్లు పూర్తికావాలి, లేదంటే ఫిబ్రవరి నుంచి రాష్ట్రం నెలకు 10 లక్షల రూపాయలు కట్టాలి. నేను ట్రిబ్యునల్‌ను తప్పు పట్టను. ఆ గడువు లేకపోతే ఈ రోజుకీ కమిటీలు ఉండేవి కావు. కానీ పై నుంచి కిందికి దిగి మా ఊరి దాకా వచ్చేసరికి అది పేర్లు నింపే పని అయిపోయింది.

మా కమిటీలో నాతో కలిపి ఏడుగురం. మూడో వంతు మహిళలు ఉండాలన్నది రూలు కాబట్టి నాతో పాటు ఇంకో ఇద్దరు ఆడవాళ్ల పేర్లు రాశారు. వాళ్ల సంతకాలు వాళ్ల భర్తలు పెట్టారు. తర్వాత ఒకసారి నీళ్ల ట్యాంకు దగ్గర కలిసినప్పుడు వాళ్లలో ఒకామెను "మనిద్దరం ఒకే కమిటీ అక్కా" అంటే, "ఏ కమిటీ?" అని అడిగింది.

కొన్నాళ్లకు రిజిస్టర్ కూడా వచ్చింది, స్పైరల్ బైండింగ్ చేసి, అట్ట మీద మా ఊరి పేరుతో. తెరిచి చూస్తే అందులో టేకు ఉంది, వెదురు ఉంది. మా పొలిమేరలో వెదురు పొద ఒక్కటి లేదు. గుట్ట నిండా ఉండే సీతాఫలం లేదు, బలుసు లేదు, తునికి లేదు. చెరువులో కొరమీను లేదు. దక్కనీ నల్ల గొర్రె అసలే లేదు. వేరే ఊరి పుస్తకానికి మా ఊరి అట్ట వేశారని పదో తరగతి పిల్లలు కూడా చెప్పేస్తారు.

ఆ పుస్తకాన్ని నేనే సరిచేద్దామనుకున్నాను. 2021 జూన్‌లో, కరోనాతో బళ్లు మూసి ఉన్నప్పుడు, మా వాడకట్టులో ఉండే కురుమ తాతను అడిగి ఆయన మందతో గుట్ట ఎక్కాను. బీఎస్సీలో బోటనీ చదివాను, పదహారేళ్లుగా పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నాను. ఆ ఒక్క పొద్దులో నాకు తెలిసింది అంతకుముందు ఎన్నడూ తెలియలేదు.

మృగశిర కార్తె అప్పుడే వచ్చింది. నాలుగు చినుకులు పడి పడమటి వాలంతా పచ్చగా మొలకెత్తింది. మంద అటు వైపే లాగుతోంది. తాత మాత్రం కర్ర అడ్డం పెట్టి తూర్పు వైపు మళ్లిస్తున్నాడు. ఎందుకని అడిగాను. "ఇప్పుడు మేపితె గడ్డి వేరుతోని వస్తది బిడ్డా. స్వాతి దాక అటు తోల. గింజ రాలాలె గద." వాళ్ల నాయన కూడా అట్లాగే తోలేవాడట. ఊళ్లో మిగతా కాపరులందరికీ ఈ లెక్క తెలుసు. కాగితం మీద మాత్రం ఎక్కడా లేదు.

ఇంకో సంగతి కూడా ఆ రోజే చూశాను. గుట్ట అడుగున, వాగు ఒంపు తిరిగే చోట, ఒక పలకరాయిని తాత కర్రతో పక్కకు జరిపాడు. కింద తడి ఇసుక. మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఇసుక తోడాడు. జానెడు లోతుకే నీళ్లు ఊరాయి. మొదట బురదగా, రెండుసార్లు తోడి పోశాక అద్దంలాగా. చెలిమ. దోసిలితో నాకు పోసి ఆయన తాగాడు. గొర్రెలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. "ఎండకాలం చెరువు ఎండినా ఇది ఎండది. రాత్రిపూట కుందేళ్లు, అడవిపందులు, నెమళ్లు అన్నీ ఈడికే వస్తయి" అన్నాడు. లేచేముందు పలకరాయి మళ్లీ కప్పాడు.

మరుసటి ఏడాది వేసవిలో అక్కడ మొరం తవ్వారు. క్లాసులో ఉండగా జేసీబీ చప్పుడు వినపడుతూనే ఉంది. ఎక్కడో రోడ్డు పని అనుకున్నాను. సాయంత్రం తాత బడి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వాగు ఒంపు దగ్గర నిలువెత్తు గుంత పడిందని, చెలిమ మట్టి కింద పోయిందని చెప్పాడు. తర్వాత అడిగాడు, "దీనికేదో కమిటీ ఉందంట గద బిడ్డా, అండ్ల ఎవరున్నరు?"

"నేనున్నా తాతా" అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. తలపాగా సవరించుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తవ్వుకోవడానికి పంచాయతీ తీర్మానం చేసిందని నాకు మర్నాడు తెలిసింది. తీర్మానానికి ముందు కమిటీని ఎవరూ అడగలేదు. అడిగినా మా ఏడుగురిలో, నేను తప్ప, అక్కడ నీళ్లున్నాయని చెప్పగలిగినవాళ్లు లేరు. నేను కూడా తాత చూపిస్తేనే కదా చూసింది. ఆ జాగలో నా బదులు ఆయన ఉండి ఉంటే తవ్వకం మాట రాగానే లేచి అరిచేవాడు. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి భూములను, కుంటలను కాపాడాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పిన తీర్పు నేను తర్వాత చదివాను. తీర్పు ఉంది, చట్టం ఉంది, కమిటీ ఉంది. తెలిసిన మనిషి ఒక్కడే లేడు.

అర్హత అంటే డిగ్రీ అని మనకు అలవాటైపోయింది. కానీ ఈ కమిటీ విషయంలో మార్గదర్శకాలు ఎంత స్పష్టంగా ఉన్నాయో చూడండి: మూలికలు తెలిసినవాళ్లు, రైతులు, అటవీ ఫలసాయం ఏరుకునేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, సామాజిక కార్యకర్తలు, చదువు చెప్పేవాళ్లు. నాలాంటి టీచరు ఆ వరుసలో చివరెక్కడో ఉంటుంది. మేము చేసింది వరుసను తలకిందులు చేయడం. మా జిల్లాలోనే జహీరాబాద్ వైపు, పస్తాపూర్ చుట్టుపక్కల, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు కొర్రలు, సామలు, జొన్నల్లో ఎన్నో రకాల విత్తనాలను మట్టికుండల్లో బూడిద కలిపి దాచి నిలబెట్టారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్లలో చాలామంది బడి మొహం చూడనివాళ్లు. అర్హత లేదని వాళ్లను ఎవరనగలరు?

మొన్న డిసెంబరులో పంచాయతీ ఎన్నికలై కొత్త సర్పంచి వచ్చాడు. కుర్రవాడు, నా దగ్గర చదువుకున్నవాడే. పాత కమిటీ గడువు ఎప్పుడో తీరిపోయింది. 2023 సవరణ ప్రకారం ఇప్పుడు సభ్యులు ఏడుగురికి తగ్గకూడదు, పదకొండు మందికి మించకూడదు. "మేడం, మళ్లీ మీ పేరే పెడతా" అన్నాడు. వద్దన్నాను. రాతపని, మీటింగు పుస్తకం నేను చూసుకుంటాను, నా జాగలో తాతను వేయమన్నాను. చెరువు తెలిసిన ముదిరాజ్ అన్న ఒకాయన ఉన్నాడు, ఏ నెలలో ఏ చేప గుడ్డు పెడుతుందో నీటి రంగు చూసి చెబుతాడు. ఎస్సీ వాడలో మంత్రసాని అవ్వ ఉంది, బాలింతకు ఏ ఆకు, పసిపిల్లకు ఏ వేరు అన్నీ నోటికి తెలుసు. సీతాఫలాలు ఏరి సంగారెడ్డి తీసుకెళ్లి అమ్మే లంబాడా అక్కలు నలుగురున్నారు. వాళ్లలో ఒకరు ఉంటే బయటి వ్యాపారులు లారీలు పెట్టుకుని వచ్చి గుట్ట ఊడ్చుకుపోయేటప్పుడు వసూలు రుసుము మాట లేస్తుంది. వ్యాపారం కోసం సేకరించేవాళ్ల దగ్గర రుసుము తీసుకునే హక్కు 41వ సెక్షన్‌లోనే కమిటీకి ఉంది. మా ఊళ్లో ఇప్పటిదాకా ఒక్క రూపాయి వసూలు కాలేదు.

సర్పంచి ఒక మాట అడిగాడు. "గొర్లాయన గొర్ల గురించే మాట్లాడతడు, చేపలాయన చేపల గురించే మాట్లాడతడు గద మేడం?" నిజమే. మాట్లాడనీ. గడ్డి పోతే ముందు దెబ్బ తగిలేది కాపరికి, నీళ్లు చెడితే బెస్తకు. అట్లా దెబ్బ తగిలేవాళ్లు పదిమంది ఒకచోట కూర్చుంటే ఏ ఒక్కరి మాటా మిగతావాళ్లను తొక్కదు. నాకు భయమల్లా మొరం ట్రాక్టర్లున్నవాళ్ల చుట్టాలు కమిటీలోకి రావడమే. అది కూడా అతనితో ఉన్నదున్నట్టు చెప్పాను.

తాతను ఒప్పించడం ఇంకా కష్టమైంది. "మీటింగులంటె పొద్దుగాల పదకొండు గంటలకు పెడతరు. నా గొర్లు ఎవరు చూస్తరు?" అన్నాడు. ఇన్నేళ్లుగా ఇంత చిన్న సంగతి మాకు తట్టలేదు. ఇక మీద మీటింగ్ రాత్రి ఎనిమిదింటికి, రావిచెట్టు గద్దె మీద అని సర్పంచి మాటిచ్చాడు. పేర్లు కూడా ఆఫీసులో రాయకుండా జనవరి 26 గ్రామసభలో జనం ముందు చదవాలని పట్టుబట్టాను. చదివారు. తాత పేరు చదివినప్పుడు వెనక వరుసలో కాపరులు చప్పట్లు కొట్టారు.

మంత్రసాని అవ్వ ఇంకా సరే అనలేదు. ఆమె కొడుకు వద్దంటున్నాడు, రేపు ఏదైనా కేసయితే అమ్మను స్టేషన్‌కు పిలుస్తారని అతని టెన్షన్. రెండుసార్లు వెళ్లి మాట్లాడాను. ఆదివారం మళ్లీ వెళ్తాను. మొదటి మీటింగ్ వచ్చే శుక్రవారం రాత్రి. కొత్త లాంగ్‌బుక్ కొన్నాను. మొదటి పేజీలో మొదటి అంశంగా గుట్ట అడుగున గుంత పూడ్చడం అని రాసి పెట్టుకున్నాను. గుంత పూడిస్తే ఊట మళ్లీ వస్తుందా అని తాతను అడిగాను. రెండు మంచి వానాకాలాలు పడితే చూడాలి అన్నాడు.