మందుకంటే ముందు గోరు

కంచె మొక్కల్లో ఒక కొమ్మ ఎండిందంటే చాలు, అందరి చెయ్యీ మందు సీసా మీదికే పోతుంది. సైనిక్‌పురిలో మా ప్రహరీ వెంట ఉన్న దురంతా కంచె మొక్కల్ని చూసి తోటమాలి కూడా "తెగులమ్మా, మందు కొట్టాలి" అన్నాడు. ఏ తెగులని అడిగితే జవాబు లేదు. రోగమేదో తేలకుండా మందేమిటని నేనే పరీక్షకు దిగాను.

గోటితో బెరడు గీకితే కింద పచ్చగా, తడిగా ఉందా, కొమ్మ బతికే ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆశ లేదు. కొస నుంచి కిందికి గీకుతూ పోతే చావుకూ బతుక్కూ మధ్య హద్దు దొరుకుతుంది. చాలా ఆధారాలు అక్కడే ఉంటాయి. శిలీంధ్రమైతే బెరడు కుంగి పగులుతుంది, దాని మీద తరచూ నల్లటి చుక్కలు లేస్తాయి, అడ్డంగా కోస్తే చెక్కలో ముదురు మరక కనిపిస్తుంది. తొలిచే పురుగైతే రంధ్రం, దాని కింద రంపపు పొట్టు. ఇవేవీ లేకుండా మొక్క మొత్తం వాడితే వేళ్లను అనుమానించాలి. వానాకాలంలో నీరు నిలిస్తే అవి ఊపిరాడక కుళ్లుతాయి.

మా మొక్కల్లో మరక దొరికింది. తెల్ల చెక్క వచ్చేదాకా కోయించి, ప్రతి కోతకూ కత్తెరను స్పిరిట్‌తో తుడిపించాను (తోటమాలి నవ్వుకున్నాడు, నవ్వుకోనీ). కోతలకు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూశాం. ఇప్పుడు యూరియా వేద్దామంటున్నాడు. చిగుళ్లు నిలదొక్కుకునేదాకా ఆ సంచి ముడి విప్పనివ్వను.