తేజస్వి నావధీతమస్తు

సహ నావవతు । సహ నౌ భునక్తు ।
సహ వీర్యం కరవావహై ।
తేజస్వి నావధీతమస్తు మా విద్విషావహై ।
ఓం శాంతిః శాంతిః శాంతిః ॥

తైత్తిరీయోపనిషత్తులో బ్రహ్మానందవల్లి, భృగువల్లి అనే అధ్యాయాలకు ముందు పఠించే శాంతిమంత్రం ఇది. కఠోపనిషత్తుకు కూడా ఇదే శాంతిపాఠం. పాఠం మొదలుపెట్టే ముందు గురువు, శిష్యుడు కలిసి పలకవలసిన ఈ వాక్యాలను, నేను ఉపాధ్యాయుడిగా పనిచేసిన తొలి సంవత్సరాలలో ప్రతి ఉదయమూ పిల్లలచేత పలికించేవాణ్ని. స్వరం తప్పకుండా, అక్షరం జారకుండా పలికించడంలోనే నా శ్రద్ధ అంతా ఉండేది. ఒకనాడు మూడో తరగతి పిల్లవాడొకడు ప్రార్థన ముగియగానే చేయెత్తి, "మాస్టారూ, ఆ నావలో ఎవరు వెళ్తున్నారు?" అని అడిగాడు. సహ నావవతు అన్నప్పుడు వాడికి నావ వినిపించింది. తోటి పిల్లలు నవ్వారు. నేనూ నవ్వి, అది నావ కాదని, కూర్చోమని చెప్పి హాజరు పట్టీ తెరిచాను. ఆ ఏడాది ఆ పిల్లవాడు మళ్లీ ఏదైనా అడిగినట్టు నాకు గుర్తులేదు. ఈ మంత్రం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు మొదట తోచేది ఆ నావే.

నిజానికి అక్కడ ఉన్నవి నౌ, అవతు అనే రెండు పదాలు; సంధిలో కలిసి నావవతు అయ్యాయి. నౌ అంటే ఇద్దరినీ అని అర్థం. అది సంస్కృతంలోని ద్వివచనం. తెలుగులో ఏకవచనం, బహువచనం తప్ప ద్వివచనం లేదు కనుక, ‘భగవంతుడు మమ్మల్ని రక్షించుగాక’ అని మనం సాధారణంగా చెప్పుకునే తాత్పర్యంలో ఆ ఇద్దరూ గుంపులో కలిసిపోతారు. అయితే సంస్కృతానికి లేని సౌకర్యం ఒకటి తెలుగుకు ఉంది. ‘మేము’ అన్నప్పుడు ఎదుటివాడు బయటే ఉంటాడు, ‘మనం’ అన్నప్పుడు లోపలికి వస్తాడు. మంత్రంలోని మొదటి రెండు వాక్యాలు పరమాత్మను ఉద్దేశించినవి కనుక అక్కడ ‘మా ఇద్దరినీ’ అనాలి. కరవావహై దగ్గరకు వచ్చేసరికి గురుశిష్యులు ఒకరివైపు ఒకరు తిరిగి ‘మనమిద్దరం సాధిద్దాం’ అనుకుంటున్నట్టు ఉంటుంది. గురువు పీఠం మీద కూర్చుని శిష్యుణ్ని దీవించడం గాని, శిష్యుడు కింద నిలబడి గురువును వేడుకోవడం గాని ఇక్కడ లేదు. ఇద్దరికీ రక్షణ కావాలి, ఇద్దరికీ పోషణ కావాలి. పిల్లలలోని ఉత్సాహాన్ని కాపాడాలని చాలామంది మాట్లాడతారు. పాఠం చెప్పేవానిలోని ఉత్సాహం కూడా ఆరిపోయేదేనని గుర్తుపెట్టుకున్న ప్రార్థన ఇది.

ఇక ఈ ప్రార్థన ఏమేమి అడగలేదో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. జ్ఞాపకశక్తిని అడగలేదు, తోటివారికన్న ముందుండే వరాన్ని అడగలేదు, వాదంలో గెలుపును అడగలేదు. చదువు విషయంలో అడిగినది ఒక్కటే, మేమిద్దరం చదివినది తేజస్సు గలది కావాలని. శంకర భగవత్పాదులు తమ భాష్యంలో ఈ మాటకు, చదివినది అర్థజ్ఞానానికి యోగ్యం కావాలని వివరణ ఇచ్చారు. చదువు ఉండడం వేరు, అది వెలగడం వేరన్న భేదం ఆ వివరణలోనే ఉంది. కిరణజన్య సంయోగక్రియకు నిర్వచనాన్ని ఒక్క మాట పొల్లుపోకుండా అప్పగించిన అమ్మాయిని, కిటికీ దగ్గర పెట్టిన కుండీలోని మొక్క బయటి వైపుకే ఎందుకు వంగిందని అడిగాను. అది ఏ పాఠంలోని ప్రశ్న అని ఆమె ఎదురు అడిగింది. అక్కడ అధీతం, అంటే చదివినది, ఉంది; తేజస్సు ఇంకా రాలేదు. అందులో ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ప్రశ్నలన్నీ పాఠం చివరనే ఉంటాయని ఆమెకు నేర్పినవాళ్లం మేమే.

తేజస్సు వచ్చినప్పుడు అది ఎలా కనిపిస్తుందో ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకామ జాబాలుని కథ చెబుతుంది. గురువు అప్పగించిన 400 బక్క ఆవులను తోలుకుపోయి, అవి 1000 అయ్యేదాకా తిరిగి రానని చెప్పిన ఆ శిష్యుడు, వృషభం, అగ్ని, హంస, మద్గువు అనే నీటిపక్షి ఒక్కొక్కటీ చెప్పిన బ్రహ్మం యొక్క ఒక్కొక్క పాదాన్ని విని తిరిగి వచ్చాడు. గురువు అతణ్ని చూస్తూనే, "బ్రహ్మవేత్తలా ప్రకాశిస్తున్నావు, నీకు ఎవరు ఉపదేశించారు?" అన్నాడు. ఏమీ అడగకముందే చదువు ముఖంలో కనబడింది. తాను చెప్పనిది మరెక్కడో నేర్చుకుని వచ్చినందుకు ఆ గురువు చిన్నబుచ్చుకోలేదు. శిష్యుడు కోరగా అదే విద్యను ఏ లోపమూ లేకుండా తానూ చెప్పాడు.

మా విద్విషావహై, మేమిద్దరం ద్వేషించుకోకుందుము గాక అన్న చివరి మాటను నేను చాలాకాలం మర్యాద కోసం చేర్చినదిగానే చదివాను. గురుశిష్యుల మధ్య ద్వేషమేమిటి అనుకునేవాణ్ని. భాష్యకారులైన శంకరులు మాత్రం ఆ మాటను దాటవేయలేదు. విద్యను గ్రహించే క్రమంలో శిష్యునివల్ల గాని ఆచార్యునివల్ల గాని ఏమరుపాటుతో జరిగే అన్యాయం ద్వేషానికి దారితీస్తుందని, అది శమించడానికే ఈ ఆశీస్సు అని రాశారు. ఆచార్యునివల్ల కూడా అన్యాయం జరుగుతుందని, అది బుద్ధిపూర్వకంగా కాక ఏమరుపాటున జరుగుతుందని అంత నిస్సంకోచంగా చెప్పడం చదివిన రోజున నాకు నా హాజరు పట్టీ గుర్తుకు వచ్చింది. ఫలానా పిల్లవాడికి లెక్కలంటే పడదని అంటూ ఉంటాం. తరచి చూస్తే వాడికి పడనివి లెక్కలు కావు, నల్లబల్ల దగ్గర అందరి ముందూ తడబడుతూ నిలబడిన ఒకానొక ఉదయం. ఆ అయిష్టం మొదట మనిషి మీద పుట్టి, తరువాత ఆ మనిషి చెప్పే విషయం మీదికి, అక్కడినుంచి చదువు మీదికే పాకుతుంది. ఉపాధ్యాయుని వైపునుంచి కూడా ఇది ఇలాగే జరుగుతుంది. పోర్షన్ పూర్తిచేయవలసిన తేదీ తరుముకొస్తున్నప్పుడు, ప్రశ్న అడిగే పిల్లవాడు అడ్డంకిగా కనిపిస్తాడు. విద్వేషం అన్నది పెద్ద మాటే గాని, అది మొలిచే చోటు ఇంత చిన్నదని నా నమ్మకం.

ఈ మంత్రంతో మొదలయ్యే భృగువల్లిలోని కథ నిజానికి ఒక పాఠశాల కథ. వరుణుని కుమారుడైన భృగువు తండ్రి దగ్గరకు వెళ్లి, నాకు బ్రహ్మాన్ని బోధించండి అని అడిగాడు. వరుణుడు అన్నం, ప్రాణం, కన్ను, చెవి, మనస్సు, వాక్కు అని ఆరు మాటలు చెప్పి, దేనినుంచి ఈ ప్రాణులన్నీ పుడుతున్నాయో, పుట్టినవి దేనివల్ల జీవిస్తున్నాయో, చివరికి దేనిలో ప్రవేశిస్తున్నాయో దానిని తెలుసుకోగోరు అన్నాడు. అంటే జవాబును చెప్పకుండా, జవాబును పరీక్షించుకునే కొలతను చేతికిచ్చాడు. భృగువు తపస్సు చేసి, అన్నమే బ్రహ్మమని తెలుసుకున్నాడు. కొలతకు అది సరిపోయింది కూడా. ప్రాణులు అన్నంనుంచే పుడతాయి, అన్నంవల్లనే జీవిస్తాయి, అన్నంలోనే ప్రవేశిస్తాయి. అయినా అతనికి తృప్తి కలగలేదు. మళ్లీ తండ్రి దగ్గరకు వచ్చి మొదటి మాటే అడిగాడు.

అప్పుడు వరుణుడు ఏమన్నాడన్నది పాఠం చెప్పే ప్రతివారూ ఆగి చూడవలసిన విషయం. తప్పు అనలేదు. సరేనని మెచ్చుకుని ముగించనూ లేదు. అన్నం కాదు, దాని తరువాతది చూడు అని దారి కూడా చూపలేదు. తపసా బ్రహ్మ విజిజ్ఞాసస్వ, తపస్సుతోనే బ్రహ్మాన్ని తెలుసుకోగోరు అని పంపాడు. భృగువు ప్రాణమని తెలుసుకుని వచ్చాడు, మనస్సని వచ్చాడు, విజ్ఞానమని వచ్చాడు. నాలుగుసార్లూ అదే మాట. ఆనందమే బ్రహ్మమని తెలిశాక అతడు తిరిగి వచ్చి అడిగినట్టు ఉపనిషత్తు చెప్పలేదు. ప్రతిసారీ ఇంకా చాలలేదని కనిపెట్టినవాడు శిష్యుడే గాని గురువు కాదు. మరొక విశేషం ఉంది. వరుణుడు మొదట చెప్పిన ఆరు మాటలలో విజ్ఞానం లేదు, ఆనందం లేదు. శిష్యుడు చివరకు చేరిన రెండు మెట్లూ గురువు ఇచ్చిన పట్టికకు వెలుపల ఉన్నవి. బడులలో సృజన అంటే రంగు కాగితాలు కత్తిరించే పీరియడ్ అనుకోవడం పరిపాటి అయింది. నాకు మాత్రం, గురువు చెప్పిన మాటలను పట్టుకునే బయలుదేరి వాటిలో లేని మాటకు చేరుకున్న భృగువుకన్న గొప్ప సృజన కనిపించదు.

ఇక్కడ తపస్సు అంటే ఒంటికాలిమీద నిలబడడం కాదు. మనస్సు, ఇంద్రియాలు ఏకాగ్రం కావడమే పరమ తపస్సు అన్న స్మృతివాక్యాన్ని భాష్యకారులు ఈ చోటనే ఉదహరించారు. ఏకాగ్రతకు వ్యవధి కావాలి. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు తరగతి గదులలో జరిగిన సంభాషణల ధ్వనిముద్రణలను పరిశీలించి, 1970వ దశకంలో ఒక విషయం వెల్లడించారు. ఉపాధ్యాయులు ప్రశ్న అడిగిన తరువాత జవాబు కోసం ఆగే సమయం సగటున 1 సెకను మాత్రమే. దానిని 3 సెకన్లకు పెంచినప్పుడు పిల్లల జవాబులు నిడివిలో పెరిగాయి, అంతకుముందు నోరు విప్పనివారు మాట్లాడారు, పిల్లలు తామే ప్రశ్నలు అడగడం ఎక్కువైంది. వరుణుడు కొడుకుకు ఎంత కాలం ఇచ్చాడో ఉపనిషత్తు లెక్క చెప్పలేదు గాని, మనం ఇస్తున్నది 1 సెకను.

భృగువుకు ఏ మెట్టు దగ్గరా బహుమతి లేదన్నది కూడా గమనించాలి. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు, బొమ్మలు గీయడం ఇష్టపడే చిన్నపిల్లలతో ఒక పరిశీలన చేశారు. గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే మాట ఇచ్చిన పిల్లలు, కొన్నాళ్లకు ఖాళీ సమయంలో బొమ్మలు గీయడం తగ్గించారు. అనుకోకుండా అదే పత్రాన్ని అందుకున్న పిల్లలలో, ఏమీ అందుకోని పిల్లలలో ఆ తగ్గుదల కనిపించలేదు. ఫలం కోసం అన్న మాట ముందే చెవిన పడితే చేసే పనిలోని రుచి ఏమవుతుందో భగవద్గీత చదివినవారికి కొత్తగా చెప్పవలసినది కాదు. కాని గీత చదివిన ఇళ్లలోనే ర్యాంకుకు సైకిలు కొనిపెడతామన్న మాట వినిపిస్తుంది.

అలాగని కంఠస్థం చేయించడాన్ని కల్పనాశక్తికి శత్రువుగా చూపడం నాకు సమ్మతం కాదు. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లితో, అంటే వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం అనే ఉచ్చారణ పాఠంతో మొదలవుతుంది. అక్షరం ఎంతసేపు పలకాలి, ఎంత బలంగా పలకాలి అన్నదే తొలి చదువు. అదే ఉపనిషత్తు ముగిసేటప్పుడు, తెలుసుకున్నవాడు హావు హావు అని సామం పాడుతూ, అహం శ్లోకకృత్ అని మూడుసార్లు అంటాడు. అన్నాన్నీ అన్నం తినేవాణ్నీ కలిపేవాడినని దానికి భాష్యకారుల వ్యాఖ్య. ఆ అర్థాన్ని కాదనే పాండిత్యం నాకు లేదు. అయినా పైకి వినిపించే అర్థంలో, నేను శ్లోకం కట్టేవాణ్ని అని ఆ గొంతు పాడుతున్నప్పుడు, మాత్రలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్న మొదటి వల్లిలోని విద్యార్థే చివరకు ఇలా అయ్యాడా అని ఒళ్లు పులకరిస్తుంది. అక్షరాలు దిద్దించి అక్కడే ఆపేస్తేనే వచ్చింది చిక్కు.

భృగువు ఆనందందాకా చేరాక, ఉపనిషత్తు వెంటనే చెప్పిన వ్రతం మరీ విచిత్రమైనది. అన్నం న నింద్యాత్, అన్నాన్ని నిందించకూడదు, తద్వ్రతం. అతడు దాటివచ్చిన తొలి జవాబు అన్నమే కదా. చివరి మెట్టు ఎక్కినవాడు మొదటి మెట్టును చిన్నచూపు చూడవచ్చునని తెలిసినట్టుగా, దానిని నిందించకుండా ఉండడమే వ్రతంగా విధించింది. అన్నం గురువువంటిదని, బ్రహ్మాన్ని తెలుసుకున్నది అన్నమనే ద్వారం గుండానే కనుక నిందించరాదని భాష్యం. వ్యాకరణం తెలిసిన నేను, నావ అన్న పిల్లవాణ్ని చూసి నవ్విన రోజున ఈ వ్రతం నాకు తెలియదు.

ఇప్పుడు ఈ మంత్రం నేర్పేటప్పుడు అర్థం నేను ముందుగా చెప్పను. నెమ్మదిగా రెండుసార్లు పలికి, ఇందులో మీకు తెలిసిన మాట ఏదైనా వినిపించిందా అని అడిగి ఆగుతాను. ప్రతి ఏడూ ఎవరో ఒకరు నావ అంటారు. నల్లబల్ల మీద నావ బొమ్మ గీసి, ఇందులో ఎందరు కూర్చుని ఉంటారని వాళ్లనే అడిగి, సుద్దముక్క వాళ్ల చేతికి ఇస్తాను.