నాకు బైపాస్ అయింది, గుండెకి కాదు పొట్టకి

2021లో హైదరాబాద్‌లో నాకు గ్యాస్ట్రిక్ బైపాస్ చేశారు. అప్పుడు బరువు 118 కిలోలు, ఇప్పుడు 76. ఆపరేషన్ గురించి, తిండి గురించి చాలాసార్లు రాశాను కానీ మందుల గురించి ఎప్పుడూ రాయలేదు. రాయాల్సింది. ఎందుకంటే నన్ను మళ్ళీ ఆసుపత్రిలో చేర్పించింది తిండి కాదు, పన్ను నొప్పికి వేసుకున్న బిళ్ళలు.

ఆపరేషన్ అయిన రెండేళ్లకి దవడ పన్ను ఒకటి పుచ్చింది. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తే పాత జబ్బులు, ఆపరేషన్లు అడిగారు. "బైపాస్ అయిందండీ" అన్నాను. "స్టెంట్లు ఏమైనా వేశారా? రక్తం పలచబడే మందులు వాడుతున్నారా?" అన్నారు. లేదన్నాను. మన దగ్గర బైపాస్ అంటే అందరికీ గుండె ఆపరేషనే కదా, ఆయనా అదే అనుకున్నారని నాకు అప్పుడు తట్టలేదు. అసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన బిళ్ళ ఐదు రోజులకి రాశారు. ఆ ఐదు రోజులకీ తగ్గకపోతే వీధి చివర మందుల షాపులో ఖాళీ షీటు చూపించి ఇంకో పది తెచ్చుకున్నాను. వాళ్లు చీటీ అడగలేదు, నేనూ ఏమీ చెప్పలేదు.

పన్నెండో రోజు విరోచనం తారులా నల్లగా అయింది. ఐరన్ బిళ్ళలు వాడేవాళ్లకి అలా అవుతుంది కదా అని పట్టించుకోలేదు. మర్నాడు పొద్దున పాలు కాస్తుంటే కళ్ళు తిరిగి వంటగదిలో పడిపోయాను. హిమోగ్లోబిన్ 7.4. ఎండోస్కోపీలో చూస్తే కొత్త పొట్టకీ పేగుకీ వేసిన అతుకు దగ్గర పుండు పడి రక్తం కారుతోంది.

అప్పుడు డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పారు. బైపాస్‌లో పొట్ట పైభాగాన్ని కోడిగుడ్డంత సంచీలా విడదీసి, దాన్ని నేరుగా చిన్నపేగు మధ్యకి కలుపుతారు. పొట్టకి యాసిడ్ తట్టుకునే పొర ఉంటుంది కానీ పేగుకి అంత ఉండదు. నొప్పి బిళ్ళలు ఉన్న ఆ కాస్త రక్షణనీ తగ్గించేస్తాయి. ఇంకో మాట కూడా చెప్పారు, ఇది చాలామందికి తెలియదు: బిళ్ళ వద్దన్నారు కదా, ఇంజెక్షన్ చేయించుకుంటే ఏం కాదులే అనుకోకూడదు. ఆ మందు పని చేసేది రక్తంలో కలిసి, కాబట్టి నడుం నొప్పికి వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ కూడా అంతే ప్రమాదం.

నా డిశ్చార్జి కాగితంలో ఈ మందులు వాడొద్దని ఒక లైను ఉంది, ఇంగ్లీషులో, పొట్టి అక్షరాల్లో. ఏ బిళ్ళలు ఆ జాతివో నాకెవరూ చెప్పలేదు. అందుకే పేర్లు రాస్తున్నాను: ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్, కీటోరోలాక్, నిమెసులైడ్, నెలసరి నొప్పికి వాడే మెఫినమిక్ యాసిడ్. షీటు వెనక సన్న అక్షరాల్లో ఉంటాయి, కళ్ళజోడు పెట్టుకుని అయినా చదవండి. ఒట్టి పారాసిటమాల్ అయితే మోతాదు దాటకుండా వేసుకోవచ్చన్నారు నాకు. గుండె కోసం ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లు మాత్రం ఇది చదివి ఆపేయకండి, ఆపరేషన్ చేసిన డాక్టర్‌నీ గుండె డాక్టర్‌నీ ఇద్దర్నీ అడగండి.

పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. యాసిడ్ తగ్గించే క్యాప్సూల్‌ని విప్పి, లోపలి గింజల్ని నమలకుండా నీళ్లతో మింగమన్నారు. అన్నీ అలా విప్పకూడదు, నూరకూడదు. షీటు మీద ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, ఈఆర్ అని ఉంటే అవి మెల్లగా కరిగే రకం. నూరితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి పోతుంది, అలాగే మింగితే మన పొట్టిదారి పేగులో పూర్తిగా ఒంటబట్టకుండానే బయటికి పోవచ్చు. అందుకే నేను షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్ మార్చి మామూలు 500 రెండు పూటలా ఇచ్చారు. షుగర్‌కే వాడే ఇంకో బిళ్ళ గ్లిమెపిరైడ్ అయితే బైపాస్ అయి డిశ్చార్జి చేసిన రోజే ఆపించారు, తిండి అంత తగ్గినప్పుడు పాత మోతాదు వేసుకుంటే షుగర్ పడిపోతుందని. బీపీ బిళ్ళ మూడో నెలలో సగం చేశారు. ఇవేవీ నేను సొంతంగా చేయలేదు, ఇంట్లో మిషన్‌తో చూసుకున్న అంకెలన్నీ నోటుబుక్కులో రాసి పట్టుకెళ్ళేదాన్ని.

రోజూ వేసుకునేవాటికి వేళలు కుదుర్చుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఐదున్నరకి థైరాయిడ్ బిళ్ళ, దాని తర్వాత గంట దాకా కాఫీ లేదు, పుట్టిన దగ్గర్నుంచీ కాఫీ వాసనతో లేచిన మనిషికి ఆ గంట ఎంత కష్టమో చెప్పలేను. ఐరన్ పదకొండింటికి, నిమ్మరసంతో. క్యాల్షియం మూడు సార్లు 500 చొప్పున, ఐరన్‌కీ దానికీ రెండు గంటలు, థైరాయిడ్‌కీ వీటికీ నాలుగు గంటలు ఎడం ఉండాలి. క్యాల్షియం అడిగితే షాపులో ఎక్కువగా కార్బోనేట్ ఇస్తారు, అది అరగడానికి యాసిడ్ కావాలి, మనకి అదే తక్కువ. సిట్రేట్ అని అడిగి తీసుకోండి. బైపాస్ తర్వాత బీ12 సరిగా ఒంటబట్టదు, పైగా మేము శాకాహారులం, అందుకని బీ12 నాకు నెలకో ఇంజెక్షన్. మధ్యలో బాగానే ఉన్నాను కదా అని నాలుగు నెలలు మానేస్తే అరికాళ్ళలో తిమ్మిర్లు మొదలయ్యాయి. ఇవన్నీ బతికినంతకాలం వాడాల్సినవే.

ఆగకుండా వాంతులవుతుంటే దగ్గర్లో ఆర్‌ఎంపీతో గ్లూకోజ్ సెలైన్ పెట్టించుకోవద్దు. వాంతులతో బీ1 అడుగంటి ఉంటుంది, అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకి దెబ్బ తగలొచ్చు. పెద్దాసుపత్రికి వెళ్ళి, బరువు ఆపరేషన్ అయిందని ముందే చెప్పండి. పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లకి ఇంకో మాట: బైపాస్ తర్వాత నోటి గర్భనిరోధక మాత్రల్ని నమ్ముకోవడానికి లేదు, బరువు తగ్గేకొద్దీ గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది, డాక్టర్లేమో ఏడాది, ఏడాదిన్నర ఆగమంటారు. వేరే పద్ధతి గురించి గైనకాలజిస్టుని అడగడానికి మొహమాటపడకండి.

మావారు ఒక చీటీ టైపు చేయించి లామినేషన్ చేయించారు, ఒకటి నా పర్సులో, ఒకటి ఆయన జేబులో ఉంటుంది. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు. "ఈమెకి 2021లో పొట్టకి బైపాస్ ఆపరేషన్ అయింది. గుండెకి కాదు. నొప్పికి పారాసిటమాల్ తప్ప ఏ బిళ్ళా ఇంజెక్షనూ ఇచ్చేముందు ఆపరేషన్ చేసిన డాక్టర్‌ని అడగండి." కింద డాక్టరు గారి నంబరు.