పార్కు రెయిలింగ్‌కి సైకిల్ ఫొటోలు: పర్మిషన్ తెచ్చుకున్న వైనం

నిన్న సాయంత్రం పార్కు రెయిలింగ్ నుంచి బోర్డులన్నీ విప్పుకొని ఇంటికి తెచ్చేశాను. తమ ఫొటోలు ఆరుబయట పెట్టాలని ఎవరికైనా సరదా ఉంటే పనికొస్తుందని, కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

నాది విశాఖపట్నం, బ్యాంకు ఉద్యోగం. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద సైకిళ్ళు తొక్కేవాళ్ళని ఫొటోలు తీయడం నా హాబీ. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి దాకా వెళ్ళే ఆ రోడ్డు మీద రెండు రకాల సైకిళ్ళు కనిపిస్తాయి. హెల్మెట్లూ ఒంటికి అతుక్కుపోయే జెర్సీలూ వేసుకొని గుంపులుగా దూసుకెళ్ళేవాళ్ళు ఒక రకం. పాల క్యాన్లు, పేపరు కట్టలు, తాపీ పనిముట్లు కట్టుకొని వెళ్ళేవాళ్ళు రెండో రకం. మొదటి రకం వాళ్ళ చేతి గడియారాలు కిలోమీటర్లు లెక్కపెడతాయి. రెండో రకం వాళ్ళ కిలోమీటర్లు ఎవరూ లెక్కపెట్టరు. నేను ఇద్దర్నీ తీస్తాను.

తీయడం గురించి ఎక్కువ చెప్పను. ఆ రోడ్డు ఈశాన్యంగా సాగుతుంది కాబట్టి పొద్దుట భీమిలి వైపు వెళ్ళేవాళ్ళ మొహాల మీద వెలుగు పడుతుంది, తిరిగొచ్చేవాళ్ళ మొహాలు నీడలో ఉంటాయి. అందుకని వెళ్ళేటప్పుడే పట్టుకోవాలి. షట్టర్ సెకనులో 30వ వంతుకి పెట్టి, సైకిల్‌తో పాటు కెమెరా తిప్పుతూ నొక్కితే మనిషి స్పష్టంగా, వెనకున్నదంతా గీతలు గీతలుగా వస్తుంది. ప్యానింగ్ అంటారు. వందలో ఒకటి కుదిరితే గొప్ప అంటారు అందరూ. నాకు అంతకంటే బాగానే కుదురుతాయి.

గ్యాలరీలో పెట్టుకోవచ్చు కదా అన్నారు తెలిసినవాళ్ళు. పాలు పోసే అతను గ్యాలరీకి వస్తాడా? పారిస్‌లో లక్సెంబర్గ్ గార్డెన్ చుట్టూ ఉన్న ఇనప కటకటాలకి 2000 నుంచి పెద్ద పెద్ద ఫొటోలు వేలాడదీస్తున్నారు, దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తారు. అంతదూరం ఎందుకు, చెన్నై ఫొటో బినాలే అనే ఫొటోల పండగ వాళ్ళు లోకల్ రైలు స్టేషన్లలోనే పెట్టారు. మా కాలనీ పార్కుకీ మంచి రెయిలింగ్ ఉంది. పొద్దున్నా సాయంత్రం వాకింగ్ జనం. ఇంకేం కావాలి?

పర్మిషన్ కావాలి. పార్కు కాలనీదే అయినా రెయిలింగ్ సర్కారుది.

అప్లికేషన్ రాసుకొని, చిన్న ప్రింట్లు ఆల్బమ్‌లో పెట్టుకొని ఆఫీసుకి వెళ్ళాను. ఏ ఆఫీసో చెప్పను, నాకు ఇంకా అక్కడ పని మిగిలే ఉంది. ఇన్‌వార్డులో స్టాంపు వెంటనే కొట్టారు. సెక్షన్‌కి వెళ్ళాక మొదలైంది.

గుమాస్తా అప్లికేషన్ అటూ ఇటూ తిప్పి, "ఇది ఏ కేటగిరీ మేడం?" అన్నాడు. వాళ్ళ ఫారంలో వ్యాపార ప్రకటన ఉంది, రాజకీయ సభ ఉంది, మతపరమైన కార్యక్రమం ఉంది, శుభకార్యం కూడా ఉంది. జనం చూడ్డానికి ఫొటోలు పెట్టడం అనే గడి లేదు. వ్యాపారం అయితే చదరపు అడుగుల లెక్కన కట్టాలన్నాడు. నేనేమీ అమ్మడం లేదన్నాను.

"అమ్మనప్పుడు ఎందుకు పెడుతున్నారు?"

ఈ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. అప్పుడు ఆల్బమ్ చూపించాను. రెండు పేజీలు తిప్పాడో లేదో మనిషి కూర్చున్నచోటే సర్దుకున్నాడు. "అన్నీ సైకిళ్ళేనా?" అంటూ గొంతు తగ్గించాడు.

మన రాష్ట్రంలో సైకిల్ అంటే ముందు గుర్తొచ్చేది వ్యాయామం కాదు కదా. 1983 ఎన్నికల నుంచి అది తెలుగుదేశం గుర్తు. ఆ పార్టీ ఇప్పుడు అధికారంలో ఉంది. ఆ సంగతి నాకు తట్టే లోపలే ఆల్బమ్ సూపరింటెండెంట్ గదిలోకి వెళ్ళిపోయింది, దాని వెనకే నేనూ వెళ్ళాను. కుర్చీ వేశారు. టీ చెప్పారు. "ముందే ఎమ్మెల్యే గారి ఆఫీసు నుంచి ఒక ఫోన్ చేయిస్తే సరిపోయేది కదమ్మా, మీరింత దూరం రావడం ఎందుకు? ఎవరి తాలూకా మీరు?" అన్నారాయన.

ఎవరి తాలూకా కాదండీ, సొంతంగా తీసుకున్న ఫొటోలు అన్నాను.

అంతే, ఆ గది వాతావరణం మారిపోయింది. టీ వచ్చింది, కానీ పక్క టేబుల్ మీద పెట్టమన్నారు. ఆయన ఆల్బమ్ మళ్ళీ మొదటి నుంచి తిప్పడం మొదలుపెట్టారు, ఈసారి నింపాదిగా. జెర్సీలు వేసుకున్న కుర్రాళ్ళ ఫొటో దగ్గర ఆగి, పైకెత్తి సెక్షన్ వైపు తిప్పి చూపించారు. "అంతా మగాళ్ళే ఉన్నారేంటమ్మా? తెల్లారగట్ట ఒక్కరే వెళ్ళి తీస్తారా? మీవారికి తెలుసా?"

నవ్వారు. ఆయన ఒక్కడే కాదు, తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా. సెక్షన్‌లో ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు, వాళ్ళు ఫైళ్ళలోకి తలలు వంచుకున్నారు. బ్యాంకులో నా కౌంటర్ ముందు ఎంతోమంది గొంతులు పెంచారు, ఎప్పుడూ తడబడలేదు. అక్కడ మాత్రం చెవులు వేడెక్కిపోయాయి. "మావారే డ్రాప్ చేస్తారండీ" అని నోటికి వచ్చింది, అది అబద్ధం. మావారు ఆ టైముకి గురక పెడుతూ ఉంటారు. ఆ అబద్ధం ఎందుకు చెప్పాల్సి వచ్చిందా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పెళ్ళిళ్ళలో మగ ఫొటోగ్రాఫర్లు రోజంతా ఆడవాళ్ళని తీస్తారు. వాళ్ళని ఎవరైనా అడిగారా, మీ ఆవిడకి తెలుసా అని?

బయటికి వస్తుంటే అటెండర్ ఓదార్పుగా, "బ్యాలెన్సుకి ఓ ఫ్యాను ఫొటో కూడా పెట్టేయండి మేడం, గొడవుండదు" అన్నాడు. ఆ ఆఫీసులో నాకు నచ్చిన మనిషి అతనొక్కడే. గేటు పక్క కరెంటు స్తంభానికి ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ, నిలువెత్తున చేతులు జోడించి నవ్వుతోంది. దానికి ఏ గడిలో టిక్కు పెట్టారో!

ఆ తర్వాత మామూలే. ఫొటోల్లో ఉన్నవాళ్ళ అంగీకార పత్రాలు కావాలన్నారు. ఇది మాత్రం న్యాయమైన మాట, అడగకపోయినా తీసుకోవాల్సిందే. తెచ్చి ఇచ్చాను. పోలీసు స్టేషన్ నుంచి ఎన్వోసీ అన్నారు. స్టేషన్‌లో, ఫొటోలకి మేమెందుకివ్వాలి అన్నారు. సార్ క్యాంపులో ఉన్నారు, ఫైలు పుటప్ అవ్వలేదు, పుటప్ అయింది కానీ కొర్రీ వేశారు. కోడ్ వస్తే ఎన్నికలయ్యేదాకా వీటికి గోనెలు కప్పాలి, ఆ ఖర్చు ఎవరిదని కూడా అడిగారు.

దారి చూపించింది వాకర్స్ అసోసియేషన్ ప్రెసిడెంటు గారు. రిటైర్డ్ హెడ్మాస్టారు. నా అప్లికేషన్ చదివి, "ఫొటోలు అని ఎందుకు రాశావమ్మాయ్? అవగాహన అని రాయి" అన్నారు. జూన్ 3 ప్రపంచ సైకిల్ దినోత్సవం, ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించింది. ఆ సందర్భంగా ఆరోగ్య అవగాహన కార్యక్రమం అని అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద ఆయనే రాసి సంతకం పెట్టారు. అవే ఫొటోలు, అదే రెయిలింగ్, అదే సూపరింటెండెంట్. డిపాజిట్ చలానా కట్టించుకొని సంతకం పెట్టేశారు. 'ఆరోగ్యమే మహాభాగ్యం' అని ఒక బ్యానరు కట్టాలన్నది షరతు. ఈ దేశంలో ఊరికే అందంగా ఉన్నదాన్ని చూపించకూడదు. దానికి ఒక నీతి తగిలించాలి, అప్పుడు తలుపులు తెరుచుకుంటాయి.

మీలో ఎవరైనా ఆడవాళ్ళు ఇలాంటి పని మీద వెళ్తే ఎవరినైనా తోడు తీసుకెళ్ళండని చెప్పను. ఒక్కరే వెళ్ళండి. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, వాళ్ళకి కనబడేలా టేబుల్ మీద పెట్టండి. నేను రెండోసారి అలాగే పెట్టాను. మీవారి ప్రస్తావన రాలేదు.

ప్రింటింగ్ సంగతి కొంచెం. ఫ్లెక్సీ చౌక, కానీ గాలికి తెరచాపలా కొట్టుకుంటుంది. సన్‌బోర్డు ఎండకి వంగుతుంది. వినైల్ మీద ప్రింటు తీయించి, 3 మిల్లీమీటర్ల ఏసీపీ షీటుకి (రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉంటుంది) అంటించి, పైన మ్యాట్ లామినేషన్ వేయించాను. గ్లాసీ వేయిస్తే ఫొటో బదులు ఆకాశం కనబడుతుంది. 24 మెగాపిక్సెల్ కెమెరాతో తీసింది 36 అంగుళాల వెడల్పుకి హాయిగా సరిపోతుంది, అంగుళానికి 166 పిక్సెళ్ళు వస్తాయి. షాపు కుర్రాడు మాత్రం నన్ను అడగకుండానే పాలాయన మొహం తెల్లగా చేసేశాడు. లీడర్ల ఫ్లెక్సీలకి అలవాటు పడిన చెయ్యి! దగ్గర కూర్చుని మళ్ళీ తీయించాను. ప్రూఫు చూడకుండా డబ్బులివ్వకండి.

కట్టడానికి ఇనప తీగ వద్దు, సముద్రపు గాలికి తుప్పు పట్టి బోర్డు మీద చారలు దిగుతాయి. నల్ల రంగు నైలాన్ టైలు వాడండి, తెల్లవాటి కన్నా ఎండకి ఆగుతాయి. బోర్డుకీ బోర్డుకీ మధ్య గాలి పోయే సందు వదలండి. అన్నీ నిలబడ్డాయి, ఒక్కటీ ఊడలేదు.

పాలాయన తన ఫొటో ముందు సైకిల్ స్టాండు వేసి, "ఏటండమ్మా, నా బొమ్మ ఇంత పెద్దది ఏసేసారేటి?" అన్నాడు. ఆ బోర్డు ఆయనకే ఇచ్చేశాను. జెర్సీ కుర్రాళ్ళు సెల్ఫీలు తీసుకున్నారు. బ్యానరు ఎవరూ చదవలేదు.

ఇవాళ డిపాజిట్ వెనక్కి అడగడానికి వెళ్ళాను. రెయిలింగ్ పాడవలేదని రుజువుగా ఫొటోలు కావాలన్నారు. కెమెరాతో తీసి, ప్రింటు వేయించి మరీ తీసుకెళ్ళాను. ఇవి చెల్లవట, ఫోన్‌తో తీసిన జియోట్యాగ్ ఫొటోలే, అంటే ఎక్కడ తీశామో నమోదై ఉన్నవే, కావాలట. రేపు సెలవు. ఎల్లుండి మళ్ళీ వెళ్ళాలి.