చెడు కబురు చెప్పడమూ నేర్పవలసిన విద్యే

ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సరుకు ఏ మందు ఎంత మోతాదులో ఇవ్వాలో మా పీజీ విద్యార్థులు తడుముకోకుండా చెబుతారు. అదే రోగి మంచం పక్కన కూర్చుని "మీ జబ్బు గురించి మీకేం చెప్పారండీ?" అని అడగమంటే మాత్రం వాళ్ళకు గొంతు పెగలదు. ఇందులో వాళ్ళను తప్పుపట్టడానికి ఏమీ లేదు. రౌండ్ల హడావిడిలో వార్డు బయటే నిలబడి, "చేయవలసిందంతా చేశాం, ఇంటికి తీసుకెళ్ళండి" అని బంధువులకు చెప్పి వెళ్ళిపోయే పెద్ద డాక్టర్లనే వాళ్ళు ఇన్నేళ్ళూ చూశారు.

సర్వీసు పెరిగేకొద్దీ మాటతీరు దానంతటదే వస్తుందని మనలో చాలామంది నమ్మకం. బ్రిటన్‌లోని 34 క్యాన్సర్ కేంద్రాలకు చెందిన 160 మంది వైద్యులపై లెస్లీ ఫాలోఫీల్డ్ బృందం జరిపి, 2002లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఆ నమ్మకాన్ని బలపరచలేదు. రోగులతో మాట్లాడే తీరుపై మూడు రోజుల శిక్షణ పొందినవారు రోగి మనసు విప్పే ప్రశ్నలు ఎక్కువగా అడిగారు, సానుభూతిని మాటల్లో చూపగలిగారు. అనుభవం ఒక్కటే ఆ పని చేయలేకపోయింది.

శిక్షణలో మేము ఎక్కువగా ఆధారపడేది 2000లో వాల్టర్ బెయిల్, రాబర్ట్ బక్‌మన్ తదితరులు ప్రచురించిన, చెడు కబురు ఎలా చెప్పాలో చూపే స్పైక్స్ పద్ధతి. ఆరు మెట్ల ఆ పద్ధతిలో అసలు కబురు నాలుగో మెట్టులో గాని రాదు. అంతకుముందు కూర్చుని మాట్లాడే చోటు చూసుకోవాలి, రోగికి ఇప్పటికే ఏం తెలుసో వినాలి, ఇంకా ఎంత తెలుసుకోవాలని ఉందో అడగాలి. కబురు చెప్పాక వచ్చే దుఃఖానికి చోటిచ్చి, ఆ తర్వాతే ముందేం చేయాలన్నది మాట్లాడాలి.

మన ఆసుపత్రుల్లో ఈ సంభాషణ చాలాసార్లు రోగితో కాక, గది బయట అతని కొడుకుతో మొదలవుతుంది. "నాన్నగారికి చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు." అందుకే మా అభ్యాసంలో ఒక విద్యార్థి కొడుకు పాత్ర వేస్తాడు, మరొకరు డాక్టరుగా మాట్లాడతారు. మొదటిసారి దాదాపు అందరూ రెండే పనులు చేస్తారు: వెంటనే "సరే" అంటారు, లేదా రోగి హక్కుల మీద ఉపన్యాసం మొదలుపెడతారు. అక్కడ ఆపి, మళ్ళీ మొదలుపెట్టిస్తాం. "మీరు ఆయన మీద ప్రేమతోనే అడుగుతున్నారు. చెబితే ఏమవుతుందని మీ భయం?" అని అడిగి ఆగమంటాం. ఆ ఆగడమే అన్నిటికన్నా కష్టం. కొడుకు కళ్ళనీళ్ళు పెట్టుకోగానే డాక్టరు పాత్రలో ఉన్నవారు తర్వాతి కీమో గురించి చెప్పడం మొదలుపెడతారు. కాసేపు మౌనంగా ఉన్నాక అనవలసిన మాట ఇది: "ఆయన నన్ను సూటిగా అడిగితే అబద్ధం చెప్పలేను. ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారో ముందు ఆయన్నే అడుగుదాం, మీరూ పక్కనే ఉండండి." చెప్పవద్దని రోగే అంటే ఆ మాటనూ గౌరవించాలి. కానీ చాలామందికి అప్పటికే అనుమానం ఉంటుంది. పొలం పత్రాలు, తీర్చవలసిన అప్పు, కూతురి పెళ్ళి, చివరి రోజులు ఇంట్లోనా ఆసుపత్రిలోనా అన్న విషయాలు మాట్లాడుకునే అవకాశం కోసం వాళ్ళు ఎదురుచూస్తుంటారు.

శిక్షణ ఇస్తే చాలు, అంతా చక్కబడుతుందని నేను అనను. అమెరికాలో రెసిడెంట్లకు (మన పీజీల వంటివారు), నర్స్ ప్రాక్టీషనర్లకు (పైస్థాయి శిక్షణ ఉన్న నర్సులు) ఇచ్చిన ఇలాంటి శిక్షణపై 2013లో జామా (JAMA) అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో, రోగులు ఆ సంభాషణలకు ఇచ్చిన మార్కులు పెరగలేదు సరికదా, రోగుల్లో కుంగుబాటు లక్షణాలు కొద్దిగా పెరిగాయి. ఆ ఫలితం నన్ను చాలాకాలం కలవరపెట్టింది. తరగతి గదిలో నేర్చిన వాక్యాలను అప్పజెప్పడానికీ, ఎదుటి మనిషిని బట్టి మాట్లాడటానికీ మధ్య దూరం ఉందనీ, శిక్షణ తర్వాత సీనియర్ ఒకరు మంచం దగ్గర పక్కన కూర్చుని గమనించి దిద్దకపోతే ఆ దూరం తగ్గదనీ నా అభిప్రాయం. మన ఎంబీబీఎస్‌లో 2019 బ్యాచ్ నుంచి నీతి, సంభాషణలపై ఏట్‌కామ్ పాఠ్యాంశం వచ్చింది, సంతోషమే. అయితే నేను చూసినంతలో అది ఎక్కువగా లెక్చర్ హాలులో స్లైడ్లతోనే ముగుస్తోంది.

నర్సులను వదిలేస్తే మాత్రం ఈ శ్రమంతా సగంలో ఆగిపోతుంది. పగలు డాక్టరు ముందు తలూపిన మనిషి, రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టరును "నాకు తగ్గుతుందా అమ్మా?" అని అడుగుతాడు. డాక్టరు ఏం చెప్పారో తెలియని సిస్టరు "ఏం కాదు, పడుకోండి" అనడం తప్ప ఏం చేయగలదు? అందుకే ఇప్పుడు నర్సులను, డాక్టర్లను ఒకే శిక్షణలో కూర్చోబెడుతున్నాం. రోగితో ఏం మాట్లాడారో, ఆయన ఏమన్నారో కేస్ షీటులో రెండు వాక్యాలు రాయమని డాక్టర్లను అడుగుతున్నాం.